ఏటి గీత

మా వైపు 'ఏటి' అంటే ప్రశ్న.
ఏరుది అని చెప్పాలన్నా అదే మాట.
శ్రీకాకుళం కంట్రోల్ రూములో కూర్చుని
ఈ రెంటికీ మధ్య ఒక కాపలా పాలసీ రాస్తున్నాను.

జూలై. బయట ఏడు రోడ్ల జంక్షన్
తడిసిన గోనెసంచిలా ముడుచుకుంది.
లోపలి చలికి సర్వర్లు మాత్రమే సుఖంగా ఉన్నాయి.
పద్నాలుగు రేవులు, పద్నాలుగు కొలబద్దలు.
ఒక్కోదానికీ ఒక కాన్ఫిగరేషన్ ఫైలు,
అందులో ఒకే ఒక్క వరస:
ప్రమాద స్థాయి, ఇన్ని మీటర్లు.
ఆ అంకె దాటితేనే సైరన్ కూస్తుంది.
దాటకపోతే నాగావళి ఎంత గోల పెట్టినా
మా తెరమీద పచ్చచుక్కే.

అందుకని ముందు అంకెను కాయాలి,
తరవాతే ఏటిని.

పాలసీ పేరు: వరద గీతలు.
ఏ ఫోల్డరు? చూపించాను.
ఎంతసేపటికి ఒకసారి? అయిదు నిమిషాలకి.
తేదీ వరస రోజూ మారేదే, దాన్ని వదిలెయ్.
చివర మిగిలే ఖాళీలూ వదిలెయ్.
తక్కినదేది మారినా, చుక్క జరిగినా
ఎర్రగా అరిచి నన్ను లేపు.
మూలప్రతులన్నిటి దగ్గరా వేలిముద్రలు పుచ్చుకుని దాచాను.
ఇక దొంగ ఎవరో చెయ్యి పెట్టడమే తరువాయి
అన్నంత ధీమాగా
బల్లమీద తల వాల్చాను.

రాత్రి రెండూ పదికి లేపింది.
పదకొండో రేవు.
ఉండాల్సింది తొమ్మిదీ నలభై.
ఉన్నది తొమ్మిదీ ఇరవై.
అదనంగా ఒక వరస.

ఫోను కలిపాను.
"ఏటి దాలినాయుడూ, ఫైలు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నాను మేడమ్, మీరే గదా నేర్పినారు.
ఇసక లారీలు గట్టు కొరికీసినాయి.
తొమ్మిదీ నలభై కాయితం మీద పెమాదం.
ఇక్కడ ఇరవైకే నీరు పసువుల సాల్లో కొచ్చీస్తాది.
జానెడు ముందు కూసిందనుకో,
ఇప్పుకోడానికి పలుపులైనా దొరుకుతాయి."

ఏం నేర్పాను?
ఫైలు తెరవడం, సేవ్ చేయడం.
ముట్టుకోకూడదని నేర్పడం మరిచాను.

ఆ అదనపు వరస చూశాను.
హాష్ గుర్తు పెట్టి,
ఇంగ్లిషు అక్షరాల్లో కుక్కిన తెలుగు:
గట్టు పోయింది. డి.ఎన్.
హాష్ తర్వాత ఏముందో యంత్రం చదవదు.
ఎవరో మనిషి చదువుతారని రాసుకున్నాడు.

తెర కింద రెండు బటన్లు.
పాతది తిరిగి పెట్టు.
కొత్తదే మూలప్రతిగా ఒప్పుకో.
రెండోదానికి ఇంజనీరు సంతకం కావాలి,
ఇంజనీరు పదింటికి వస్తాడు,
రాయగడలో వాన నిన్న సాయంత్రమే వచ్చింది.

నా పాలసీకి మార్పు తెలుసు.
తప్పు తెలీదు.
మారకుండా కూర్చున్న తప్పు అసలే తెలీదు,
దానికి రోజూ పచ్చచుక్క పెడుతూ పోతుంది.

రెండోది నొక్కాను.
కారణం, అని ఒక గడి తెరుచుకుంది.
ఏటి రాయాలి?
గట్టు పోయింది, అని రాసి
కింద నా పేరు పెట్టాను.

మూడున్నరకి పదకొండో రేవు సైరన్ కూసింది.
ఆరింటికి నీరు తొమ్మిదీ ముప్పైరెండు దాకా ఎక్కి,
కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, దిగిపోయింది.

పాత అంకె ప్రకారం
ఆ రాత్రి వరదే రాలేదు.

సోమవారం మెమో వచ్చింది.
అనవసరపు సైరన్ ఏల మోగినది,
ఎవరి అనుమతితో మార్చబడినది.
వెతుక్కునే పని లేకుండా
తేదీ, నిమిషం, నా పేరు
అన్నీ లాగులో దొరికాయి వాళ్ళకి.
పాలసీ బాగా పనిచేస్తోంది.

జవాబు ఇంకా రాయలేదు.
దాలినాయుడు పంపిన లెక్క మాత్రం ఫోన్లో ఉంది:
ఇరవైమూడు పశువులు,
రెండు బస్తాల పెసలు,
చిన్నమ్మడి కుట్టుమిషను
(పాదం భాగం అక్కడే ఉండిపోయింది, బరువు).